పడవకూలి బాకీ

నరసన్నపేటలో టైలరు షాపు మీద మేడగది,
గోడలకి కోడిగుడ్ల అట్టలు, ఫ్యాను ఆపితేనే రికార్డింగు.
దమయంతి కింద జాకెట్లు కుట్టి
మెడలో టేపు తియ్యడం మరిచిపోయి మెట్లెక్కి వచ్చేది.
హెడ్‌ఫోను పెట్టుకుంటే టేపు దానికి చిక్కుకునేది.
కుట్టుమిషను చప్పుడు ట్రాకులో పడిందంటే
ఉండనియ్యండి మాస్టారూ, అదీ బీటే, అన్నాడు మిక్సింగు కుర్రాడు.
తన గొంతుకి జరీ అంచు వేసినట్టు
ఏదో మీట నొక్కాడు.

నేను రాసిన పల్లవి ఇది:

“సగం వంతెన సొగసు సూడు, పతిబాబు సలవ సూడు,
మిగతా సగం ఈత కొడితే ఒంటికెంతో మేలు సూడు.”

వంశధారలో పదకొండేళ్లుగా
ఏడు స్తంభాలు నిలబడి ఉన్నాయి,
హాజరు పిలిచాక కూర్చోమనడం మరిచిపోయిన పిల్లల్లా.
ఎనిమిదోది బిల్లులో ఉంది.

రాసిన రాత్రి నిద్ర పట్టలేదు.
భయం కొంత. గర్వమే ఎక్కువ, దాచడమెందుకు.
పొగడ్త చొక్కా కుట్టి తొడిగాను ఆయనకి,
లోపల ఒక గుండుసూది వదిలేసి.

వారానికి ఫోనొచ్చింది.
గొంతు గుర్తుపట్టి లేచి నిలబడ్డాను.
“పాట అదిరిపోనాది మాస్టారూ.
ఆదివారం మా మనవడికి సెవులు కుట్టిత్తన్నాం, డీజేలో ఇదే ఏయాల.
ఒకటే మాట, నా పేరు ఇంకో రెండుసార్లు పడాల.”
పడింది.
రెండుసార్లు.

బొలెరో మీద ఎనిమిది బాక్సులు.
కిటికీ అద్దాలు వణుకుతున్నాయి, చెవులు కుట్టిన పిల్లాడి ఏడుపు ఎవరికీ వినపడలేదు.
పతిబాబు తలకి తువ్వాలు చుట్టి
“ఈత కొడితే” దగ్గర రెండు చేతులూ బారచాపి
సిమెంటు రోడ్డు మీద ఈదాడు.
వెనకాల ఊరంతా ఈదింది.
గుండుసూది ఏమైందో.

కవరు తీసుకుంటున్నప్పుడు దమయంతి మొహం చూళ్లేదు నేను.
తిరుగు ఆటోలో తనే అంది:
“బీటు ఎక్కువైపోనాది మాస్టారూ.
మాట కాలికందింది గానీ సెవికందనేదు.”

సోమవారం బడికి ఏరు దాటాలి.
దాలయ్య పడవ. పదిమంది, రెండు సైకిళ్లు, ఒక మేక.
గెడ వేస్తూ అదే పాట అందుకున్నాడు.
గెడ లేచినప్పుడు ఒక మాట, దిగినప్పుడు ఒక మాట,
మధ్యలో నీళ్ల చప్పుడు.
“సగం...”
“వంతెన...”
ఆ నడకలో నా మాటలు
గీరుకున్న చోట ఉప్పు తగిలినట్టు నాకే తగిలాయి.
ఎవరూ నవ్వలేదు.
తలలెత్తి ఏడో స్తంభాన్ని చూశారు, మొదలు నుంచి పైదాకా,
తుప్పు పట్టిన ఊచలు ఆకాశంలోకి పొడుచుకొచ్చిన చోటుదాకా.
ఇదీ నేను రాసింది, అనుకుని
కొంచెం నిటారుగా కూర్చున్నాను.

అప్పుడెత్తాడు దాలయ్య, నేను రాయని చరణం:

“పాట కట్టిన పంతులు సూడు, పతిబాబు నోటు సూడు,
పడవకూలి పైవారమని ఏడు వారాలాయె సూడు.”

నవ్వుకి పడవ ఊగింది.
సైకిలు పట్టుకున్న పిల్లాడు, నా క్లాసువాడే,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
నేనూ నవ్వాను,
అందరికన్నా ఒక గెడ ఆలస్యంగా.

జేబులో చెయ్యి పెడితే
అయిదొందల కాగితం ఒక్కటే తగిలింది, మడత విప్పనిది.
“సిల్లర నేదు బాబూ,” అన్నాడు దాలయ్య.
గెడ నీళ్లలో దింపి, దాని మీదకి ఒరిగి,
“పాటలో ఉండనీండి.”