మూడోసారికి పడిన ముద్ర

మొదటిసారి ముద్ర పడలేదు.
ఎర్మెలిందా బొటనవేలికి గీతల్లేవు.
యాభైమూడేళ్లు గలీసియా తీరంలో
ఆటు వేళల్లో నడుం వంచి
గుల్లలు తవ్విన వేలు అది.
ఉప్పూ ఇసకా కలిసి నున్నగా నాకేశాయి.

"కంగారేం లేదమ్మా" అన్నాడు దోన్ ఎవారిస్తో.
తన జేబురుమాలుతో తనే తుడిచాడు ఆ వేలిని
పాలు తాగిన పిల్ల మూతి తుడిచినట్టు.
సిరాదిమ్మ అందించింది నేను.
ఇది ముందే చెప్పేస్తే మంచిది.
ఆ బ్యాంకులో ఇరవైరెండేళ్లు
మూడో కిటికీ వెనక కూర్చున్నది నేను.

మీరనుకునే మోసగాడు వేరే.
సంతలో మూడు గిన్నెల కింద బఠాణీ తిప్పి
తెల్లారేసరికి ఊరు దాటేస్తాడు.
వాడి చేతుల మీద అందరికీ కన్నుంటుంది.
ఈయన ఎక్కడికీ పోలేదు.
ఆదివారం చర్చిలో రెండో బల్ల మీద ఉండేవాడు.
షెనారో పడవ తిరిగి రాని రాత్రి
మాతోపాటు ఒడ్డున వానలో నిలబడ్డాడు.
ఖాళీ శవపేటికకు భుజం పట్టాడు,
లోపల మనిషున్నంత బరువుగా నడిచాడు.
బీమా డబ్బు పడిన వారానికి
షెనారో భార్యను లోపలికి పిలిచి కాఫీ తెప్పించాడు.

దారిలో ఎదురైన ప్రతి ముసలమ్మకీ
టోపీ తీసేవాడు.
ఎవరికి ఎప్పుడు పెట్టాడో
ఎవరూ చూడలేదు.

ఆయన అబద్ధమాడాడా అని అడిగింది జడ్జి.
చాలాసేపు ఆలోచించాను.
లేదమ్మా, ఆడలేదు.
"ఇది డిపాజిట్ లాంటిదే" అన్నాడు.
ఆ లాంటిదేలో మునిగిపోయింది ఊరు.
చేపల వేలం గుమాస్తా, గంట కొట్టే ముసలాయన,
అట్లాంటిక్‌లో మునగని వాళ్లంతా.

గడువు అన్న గడిలో
క్రీస్తుశకం మూడువేల పన్నెండు.
డెబ్బైతొమ్మిదేళ్ల మనిషి డబ్బు
వెనక్కొచ్చే సంవత్సరం.
అది టైపు చేసింది నేను.
వేలు ఆగింది, అబద్ధమెందుకు.
ఆగి, తర్వాతి గడిలోకి దూకింది.
వృత్తి: గుల్లలు ఏరుట.

రెండోసారి అలికినట్టయింది.
మూడోసారి ఆయనే లేచొచ్చి పక్కన కూర్చున్నాడు.
ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని
ఎడమ నుంచి కుడికి
తొందరేమీ లేకుండా దొర్లించాడు.
పడింది.
నోటితో ఊది ఆరబెట్టాడు.

బయటికొస్తూ నాతో అంది ఎర్మెలిందా,
"నా కొడుకులు కూడా
ఇంతసేపు పట్టుకోలేదే నా చెయ్యి."

ఇప్పుడా గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.
నేను ఎర్మెలిందాతో తవ్వడానికి పోతున్నాను.
క్షమించిందా అని అడక్కండి.
మోకాళ్లు నొప్పంటుంది, బకెట్ నాచేత మోయిస్తుంది,
సగానికి సగం తనే తీసుకుంటుంది.

"చూడు" అంటుంది వంగి.
తడి ఇసక మీద సూదిమొనంత చిల్లు.
కిందున్నది ఊపిరి తీస్తుంది.
అందుకే దొరికిపోతుంది.
చచ్చిన గుల్లకి చిల్లుండదు,
దాన్నెవరూ తవ్వరు.
ఇది చెప్పి నా వైపు చూడదు.
ఆయన సంగతి చెప్పిందో
గుల్లల సంగతే చెప్పిందో
తేల్చుకోవడం నా పని.

ఎనిమిది నెలలు లోపలుండి వచ్చాడు దోన్ ఎవారిస్తో.
నిన్న చేపల మార్కెట్ మలుపులో ఎదురయ్యాడు.
కాస్త చిక్కాడు. టోపీ తీశాడు.
ఆమె తల తనంతట తనే ఊగింది,
పాత అలవాటు,
పెద్దమనిషి కదా.

ఆ తర్వాత ఒడ్డున కూర్చుని
బకెట్ నీళ్లలో బొటనవేలు ముంచి రుద్దుతూనే ఉంది.
సిరా పోయి ఏడేళ్లయింది.
నా రుమాలు తీసి ఇచ్చాను.
అందివ్వడం
నాకు అలవాటే.