ఎనభై నాలుగు పోగులు

రాత్రి డ్యూటీ దిగొచ్చి
చెప్పులైనా విప్పకుండా
అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టింది రూతమ్మ సిస్టరు.
మీట నొక్కితే చాలంట,
అప్పటికప్పుడే కాగి జల్లుగా పడతాయంట నీళ్లు.
పెట్టె పక్కనే వైరు చుట్ట,
పామూరు రోడ్డు షాపువాడు
"గీజరుకి అందరూ ఇదే తీసకపోతారమ్మా" అని
అంటగట్టిన రెండున్నర.

పెట్టె తిరగేసి చూశాను.
అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో
ఐదువేల ఐదొందల వాట్లు.
గోడకి ఇంకా సున్నం పడలేదు,
చెవి మీది పెన్సిలు తీసి అక్కడే భాగించాను
రెండొందల ముప్పైతో.
ఇరవై నాలుగు ఆంపియర్లు.
మెట్ల కింద మీటరు, మేడ మీద బాత్రూము,
టేపు పట్టుకుంటే ఇరవై రెండు మీటర్లు.
దూరం ఊరికే పోదు, దాని వాటా అది తింటుంది.
పాత పైపులో ఫ్యాను తీగలు, లైట్ల తీగలు
కందుకూరు డిపోలో ఆఖరి బస్సు జనంలా ఒరుసుకుంటున్నాయి.
వేడి పుడితే పోయే దారి లేదు.

"ఇది చాలదు సిస్టర్, ఆరు కావాల."
"ఆరు మీటర్లా?"
"మీటర్లు కాదు, మందం."
ధర చెప్పాను.
మూతి బిగించుకుంది.
"ఇదీ రాగే గదబ్బాయ్, అదీ రాగే గదా!"

మాల్యాద్రి మేస్త్రి నాకు మొదట నేర్పింది
బల్బు వెలిగించడం కాదు,
పోగులు లెక్కపెట్టడం.
తోలు ఒలిచిన కొస నా అరచేతిలో పెట్టి
చుట్ట ముట్టించుకునేవాడు.
ఒకటిన్నరలో ఇరవై రెండు,
రెండున్నరలో ముప్పై ఆరు,
నాలుగులో యాభై ఆరు,
ఆరులో ఎనభై నాలుగు.
చుట్ట అయ్యేలోగా చెప్పాల,
తప్పితే మళ్లీ మొదట్నించీ.
బిగించేటప్పుడు పట్టలేదని ఒక పోగు తుంచితే
చేతి మీద కొట్టేవాడు:
"దాని బరువు మిగతావోళ్ల నెత్తిన పడుద్దిరా."

ఆయన పోయిన ఏడు,
కావలిలో ఒక లాడ్జి.
ఓనరుకి తొందర, నాకు అంతకన్నా తొందర.
నాలుగు లాగాల్సిన చోట రెండున్నర లాగాను.
మూడోనాడు ఫోను.
పోయి గోడ మీద చెయ్యి పెడితే
జొరమొచ్చిన పిల్లోడి వీపులా కాగిపోతోంది.
బోర్డు విప్పితే తోలు పాకంలా సాగింది.
ఎవరికీ ఏమీ కాలేదు.
ఆ మాట ఇప్పటికీ
గట్టిగా అనలేను.

ఇదంతా సిస్టరుకి చెప్పలేదు.
గోడ మీది లెక్కే మళ్లీ చూపించాను, మళ్లీ చూపించాను.
ఆమె లెక్క చూడ్డం మానేసి
కోటు జేబులోంచి రెండు సూదులు తీసింది,
సీలు విప్పనివి.
"పసుపుది పసిబిడ్డకి.
ఈ ఆకుపచ్చది కాన్పయ్యాక రక్తం ఆగకపోతే,
సీసా మీద సీసా ఎక్కించాల్సొస్తే.
అప్పుడు పసుపుది గుచ్చి కూర్చుంటే మనిషి దక్కదు.
షాపువాడు నాకు పసుపుది ఇచ్చినాడంటావు."
"అంతే సిస్టర్."
"మా కాడ నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం."
"మా కాడ నంబరు పెరిగేకొద్దీ తీగ లావు."
నవ్వింది.
నిద్ర లేని కళ్లు నవ్వితే కొంచెం ఆలస్యంగా నవ్వుతాయి.

రెండు రోజులు పట్టింది.
వేరే పైపు, వేరే లైను, ముప్పై రెండు ట్రిప్పరు,
ఎర్తుకి పచ్చ తీగ.
లోడు పెంచమని కాగితం రాసిచ్చి
సబ్‌స్టేషన్ మెట్ల మీద ఒక పూట.
బిగించే ముందు కొస విప్పి
ఎనభై నాలుగూ లెక్కపెట్టాను.
"ఏందిబ్బా, జడేస్తుండావా?" అంది వెనకనించి.

బకెట్టు కింద పెట్టి వదిలాం.
ఆమె చెయ్యి నీళ్ల కింద.
నా చెయ్యి గోడ మీద.
ఒక బకెట్టు. రెండు. మూడు.
"కాగినయ్యా సిస్టర్?"
"కాగినయి. నీ గోడ?"
"లేదు," అన్నాను,
చెయ్యి మాత్రం తియ్యలేదు.