దుమ్ము పట్టే రాయి

కురుపాం మార్కెట్లో మా కొట్టు అద్దాలు
రోజుకి రెండుసార్లు తుడవాలి.
పోర్టు బొగ్గు గాలెక్కి వస్తుంది,
మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు.
లైటు కింద పచ్చలూ కెంపులూ ఊరుకుంటాయి గానీ
టూర్మలీన్ ఊరుకోదు.
కాస్త వెచ్చబడిందా,
ఆ నల్లటి పొడిని తనే దగ్గరికి లాక్కుంటుంది.
మా నాన్న దాన్ని వైక్రాంతం అనేవాడు.
బిల్లు మీద నేను టూర్మలీన్ అనే రాస్తాను.

హార్బర్లో వేలం ముగించుకుని
దేముడమ్మ వచ్చింది ఓ మంగళవారం.
మోచేతి మీద ఇంకా రెండు పొలుసులు.
"ఉంగరం కావాల. నాకే. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు."

పొట్లం విప్పి నా పాఠం మొదలెట్టాను,
గులాబీ, ఆకుపచ్చ, నీలం, బ్రెజిల్, ఆఫ్రికా.
ఆవిడ వినలేదు.
పచ్చ రాయొకటి పట్టుకుని గుమ్మం దిగి
ఎండలో నిలబడింది.
"లైటు కింద మొన్నటి వంజరం కూడా
ఇయ్యాల్దే అన్నట్టుంటాది బావూ."

మొప్ప ఎత్తి చూసినట్టు తిప్పి తిప్పి చూసింది.
పక్కనుంచి పచ్చ.
నిలువునా చూస్తే కటిక చీకటి.
"రెండు మాటల మనిషిలా ఉందేటిది?"
దాని నైజమే అంత,
ఏ వైపుగా సాన పట్టారన్నదే చూసుకోవాలన్నాను.

తర్వాత ఎర్రవి మూడు పరిచాను.
రెండింట్లో సన్నటి గీతలు,
మూడోది కడిగిన కన్నులా ఉంది, చవక కూడా.
మూడోదాని సంగతి
అడిగినవాళ్ళకే చెప్తాను నేను.
ఆవిడ అడగలేదు.
భూతద్దం లాక్కుని ఒంటికన్ను మూసి,
"లోపల బుడగుంది.
రాయి ఊపిరి తీస్తాదేటి?"
ముప్పయ్యేళ్ళ వ్యాపారం,
నా చెవులు వేడెక్కాయి.

గీతలున్నదాన్నే ఏరుకుంది.
చేప కోసే చేతికి పెట్టకమ్మా, దెబ్బ తగిలితే చిట్లుతుంది,
రెండో చేతికి పెట్టుకో అన్నాను.
"రెండో చెయ్యి చేపని పట్టుకుంటాది.
నాకు ఖాళీ చెయ్యెక్కడిది?"
పోనీ మెళ్ళో?
"మెళ్ళో ఏసుకుంటే నాకెలా కనబడతాది?"

ముళ్ళు తీసేసి చుట్టూ గట్టు కట్టి పొదిగాను,
చేపల తొట్టికి అంచు కట్టినట్టు.
ఉడుకునీళ్ళు వద్దు,
ఐసులోంచి తీసిన వేలు పొయ్యి దగ్గర పెట్టొద్దు,
సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే.
ఆవిడ తలూపింది,
మా ఆవిడకి నేను ఊపినట్టే.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది.
"బావూ, దీనికెప్పుడూ దుమ్మే. మోసం చేసినావా?"
వేడి తగిలితే పడుతుందమ్మా,
ఆ రాయి అంతే.

కాసేపు ఏమీ అనలేదు.
నానిపోయి ముడతలు పడ్డ వేళ్ళు,
తెల్లారుజామున మూడింటి నించీ ఐసులో ఉన్నవి,
బల్ల మీద పరిచి చూసుకుంది.
"అయితే ఇంకా ఏడిగానే ఉందన్నమాట
నా చెయ్యి."

తుడిచి ఇచ్చాను.
డబ్బులివ్వబోతే, బోణీ అయిపోయిందన్నాను.
అబద్ధం.