ఎముక లేని చెయ్యి

అక్టోబరు ఆఖరి వారం. పోముచ్ శ్మశానంలో
గూళ్లన్నిటికీ కొత్త రంగులు, పచ్చ, గులాబీ, నీలం.
ముసలి ఎవారిస్తో మట్టిలోంచి తీసినవన్నీ
దుప్పటి మీద పోసి వెళ్లాడు.
మా అమ్మ నీదియా నా చేతికి కుంచె ఇచ్చింది.
"మెల్లిగా. మీ అమ్మమ్మకి చక్కిలిగింతలెక్కువ."

మూడేళ్ల కిందట మట్టికిచ్చిన మనిషిని
మొదటిసారి మళ్లీ చేతుల్లోకి తీసుకుంటున్నాం.
కంపేచెలో ఎక్స్‌రే గదిలో నా ఉద్యోగం.
రోజుకి నలభై మంది ఎముకలు చూస్తాను,
తెల్లటి పొగలా, పేరు వెనక పేరు.
ఒక్కదాన్నీ ముట్టుకోలేదు ఇన్నాళ్లూ.

తొడ ఎముక. ఇంత తేలికా!
విరిగిన ఈ కొనలోకి చూడమ్మా:
దూలం కాదు, తేనెపట్టు.
సన్నసన్నని కమ్మీలు, అడ్డదిడ్డంగా ఉన్నట్టుంటాయి గాని
ఒంటి బరువు ఎటు దిగేదో అటే వరసకట్టాయి.
ఎక్కడ మోస్తే అక్కడ చిక్కనవుతుంది ఎముక,
పని లేని చోట తనను తానే తవ్వి
నెత్తురుకి సున్నం అప్పిస్తుంది.
పదేళ్లు తిరిగేసరికి అదే గడప, అదే ఎత్తు,
ఇటుకలు మాత్రం దాదాపు అన్నీ కొత్తవి.

అమ్మ విందో లేదో.
పక్కటెముకను గుడ్డతో తుడుస్తోంది,
భోజనాలయ్యాక గరిటె తుడిచినట్టు.

పేరుకే వెన్నుపూసలు.
దారం తెగాక చూస్తే బొంగరాల్లా ఉన్నాయి.
నడుం దగ్గరివి మూడు, అంచులు సాగి
ఒకదాన్నొకటి కొక్కేలతో పట్టుకున్నాయి.
నలభై ఏళ్లు బేకరీ బల్ల మీద వంగిన వంపు అది,
మట్టి కూడా విడదీయలేకపోయింది.

కుడి ముంజేతిలో ఒక ముడి తగిలింది.
"ఇదెప్పటిది?"
"నేను తన కడుపులో ఉన్నప్పుడు. బావిగట్టున జారింది.
మీ తాతకి చెప్పలేదు. గుడ్డ చుట్టుకుని
మర్నాడు పొద్దున్నే పిండి పిసికింది."
వంకరగా అతుక్కుంది. అయినా అతుక్కుంది.
నా ఎక్స్‌రే గదికి ఒక్కసారీ రాని మనిషి
ఫిల్మును ఇలా ఒంట్లోనే దాచుకుంది.

ఆఖరికి చేతులు.
ఎర్మెలిందా కాంతూన్ అంటే ఊళ్లో
ఎముక లేని చెయ్యి అనేవాళ్లు.
పొయ్యి దగ్గరికొచ్చిన ఏ పిల్లాడూ
రొట్టె లేకుండా తిరిగిపోలేదు.
అప్పుల పుస్తకంలో ఆమె కొట్టేయని పేరు లేదు.
తాత కోప్పడితే, వానకి తడిసి చెరిగిందనేది.

తెల్లగుడ్డ పరిచి లెక్కపెట్టాను, కుడిచెయ్యి.
మణికట్టులో గులకరాళ్లు ఎనిమిది ఉండాలి,
అరచేతిలో పుల్లలు ఐదు, వేళ్లలో పద్నాలుగు.
ఇరవై ఏడు.
ఇరవై ఆరే ఉన్నాయి.
మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై ఆరు.
చిటికెనవేలి వైపు, మణికట్టు దగ్గర
బఠాణీ గింజంతది, అదొక్కటే లేదు.
మట్టి జల్లెడ పట్టాను. దుప్పటి దులిపాను.
ఎవారిస్తో టార్చి తెచ్చి గుంతలోకి దిగాడు.

"వదిలెయ్," అంది అమ్మ, తలెత్తకుండానే.
"ఎవరో అడిగుంటారు."

నవ్వాలో ఏడవాలో తెలియక
అడుగున పొడుగు ఎముకలు, పైన చిన్నవి,
అన్నిటి పైన తల పేర్చాం,
అమ్మ కుట్టిన పువ్వుల గుడ్డ మధ్య.
మూత పూర్తిగా వెయ్యలేదు. ఇక్కడెవరూ వెయ్యరు.

ఇంటికి నడుస్తుంటే బేకరీ మీంచి గాలి మళ్లింది.
నా కుడి అరచేతి మడమ దగ్గర
బొటనవేలితో నొక్కి చూసుకున్నాను:
ఉంది, చర్మం కింద, కాస్త అటూ ఇటూ కదులుతూ.