సగం చెక్కు తీసిన బంగాళాదుంప

స్నేక్ ఊరికి అవతల, కాలువ వంతెన పక్క గదిలో
మూడు రోజులుగా ఒక్క పిన్నుతో వేగుతున్నాను.
పడవ వస్తే సెన్సర్ చెప్పాలి,
చెప్పగానే ప్రాసెసర్ చేతిలో పని వదిలి వినాలి.
అంతే. రాస్తే పట్టుమని పది లైన్లు.

మొదటి రోజు, అడిగి తెలుసుకోమన్నాను.
వచ్చిందా? లేదు. వచ్చిందా? లేదు.
లక్షసార్లు లేదనిపించుకుని
పొద్దుగూకక ముందే బ్యాటరీ సోలిపోయింది.

రెండో రోజు అంచు మీద కాపలా పెట్టాను,
సున్నా ఒకటయ్యే ఆ రెప్పపాటు మీద.
కొత్త బ్యాటరీ వేసి ఆన్ చేసేసరికే
రెన్‌స్కె పడవ వచ్చి ఉంది. పిన్ను అప్పటికే ఒకటి.
వచ్చి కూర్చున్నవాడి అడుగుల చప్పుడు
ఇక ఎవరికి వినిపిస్తుంది?
ఇరవై నిమిషాలు ఆగిన ఆమె తిట్టిన తిట్లు
ఫ్రీజియన్‌లోనే బాగుంటాయి.

మూడో రోజు అంచు మాని మట్టం పట్టాను.
పిలిచింది. పలికాను. మళ్ళీ పిలిచింది.
సెన్సర్ ఎత్తిన జెండా దించే లైను మరిచాను.
విన్నానని చెప్పకపోతే పిలిచేది ఊరుకుంటుందా?
గడప లోపలికీ బయటికీ తిరగడంతోనే సరి,
దాని మిగతా లోకమంతా నిలిచిపోయింది.

మూలన వొబ్బె బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.
ముప్ఫైనాలుగేళ్ళుగా ఈ వంతెన అతనిదే.
ఒడ్డున గంట మోగింది.
కత్తి దుంపలో దిగినచోటే ఉంచి లేచాడు,
చక్రం తిప్పాడు, గాలపు కర్రకు కట్టిన చెక్కబూటు
పడవ మీదికి వూపాడు, పడిన నాణేలు
చూడకుండా డబ్బాలో ఒంపాడు.
"లెక్క?"
"రాత్రికి. ఇప్పుడు లెక్కపెడితే వెనక పడవ ఆగుతుంది."
వచ్చి అదే దుంప, అదే గాటు.

"పొయ్యి మీద పాలు పొంగుతుంటే?"
"పడవే ముందు. ఎవరైనా నీళ్ళలో పడితే పడవకన్నా ముందు."
"చక్రం తిప్పుతుంటే ఎవరైనా పిలిస్తే?"
"అప్పుడు దేవుడు పిలిచినా వినను" అన్నాడు
ఎడమచేతి చూపుడువేలు చూపిస్తూ.
చివరి కణుపు లేదు.
"ఒక్కసారి విన్నాను."

ఆ రాత్రి అంతా చెరిపి రాశాను.
ఎక్కడ ఆపానో దాచుకో. జెండా దించు.
చిల్లర డబ్బాలో వెయ్, లెక్క తర్వాత.
గేరు కదిలే కాసేపు చెవులు మూసుకో.

పొద్దున్నే రెన్‌స్కె పడవ వచ్చింది.
ఎవరూ ముట్టకుండా వంతెన లేచింది.
అలవాటు కొద్దీ ఆమె గంట కూడా కొట్టింది.
వొబ్బె కత్తి దుంపలో ఆగింది,
సగం లేచాడు, నిలబడ్డాడు,
కాసేపు వంతెన వంకే చూశాడు.

సోమవారం నుంచి అతనికి పని లేదు.
గంట విప్పుకుపోవచ్చా అని అడిగాడు.
నా పనుల జాబితాలో గంట లేదు.
స్క్రూడ్రైవర్ ఇచ్చాను.