మూడు వేల దగ్గర కోత

రాణిగంజ్ సందుల, షట్టర్ సగం దించి,
నా పాత ఇండికా తలుపు ఊడదీసి
అడిగిండు జబ్బార్:
"పాసివా, ఆక్టివా? చెప్పు భాయ్, ఎండెక్కుతున్నది."

పాసివ్ అంటే అరచేతిల పట్టే డబ్బా.
రాగితీగ చుట్టలు, రెండు కెపాసిటర్లు.
ఆంప్ పంపినదాంట్ల కొంత తనే తిని వేడెక్కుతది,
మూడు వేల హెర్ట్జ్ దగ్గర కోస్తది,
ఇగ మాట మార్చదు.

ఆక్టివ్ అయితే ఆంప్ కన్నా ముందే వాటాలు.
ట్వీటర్‌కో చానెల్, వూఫర్‌కో చానెల్,
కోత ఎక్కడో రోజుకోతీరు నువ్వే తిప్పుకోవచ్చు.
"తప్పు తిప్పినవో, ట్వీటర్ ఖతం," అని
కాలినదొకటి చూపించిండు,
బొటనగోరంత పట్టు గుమ్మటం, నల్లగ.

పద్నాలుగు వేలు తేడా.
నేను పైసల గురించి ఆలోచిస్తలేను.

ఫోన్ల మా మర్ఫా పెట్టిన,
బార్కస్‌ల ఓ బారాత్, పదకొండేండ్ల కింద.
ఎడమ పక్క డోలు నాది.
అరచెయ్యి గుమ్మనేది వూఫర్‌కు పోతది,
వేళ్ల కొసన చిటుక్కుమనేది ట్వీటర్‌కు.
ఒక్క దెబ్బ, రెండు ఇండ్లు.

అరువు ప్రాసెసర్ తగిలించి
లాప్‌టాప్‌ల గీత జరుపుతున్నడు జబ్బార్.
రెండున్నర వేలు. మూడు. మూడున్నర.
"ఇప్పుడు?"
"ఇప్పుడు?"
నాకన్నీ ఒక్కతీరే.
ఆ పై చప్పుడును డోలే తినిపోయింది ఎప్పుడో.
చాయ్ తెచ్చిన పిలగాడు మాత్రం
మూడు దగ్గర తల తిప్పి చూసిండు.

"పాసివే వెయ్యి," అన్న.
కోత ఎక్కడున్నదో వినరానప్పుడు
కదలని చోటనే ఉండనీ.

మలక్‌పేట బ్రిడ్జి కింద నీళ్లు, బండ్లన్నీ ఆగినయ్.
మోకాలు తలుపుకు ఆనించి కూసున్న.
గుమ్మనేది ఎముకకు తాకింది.
చిటుక్కు కోసం
వేళ్లు స్టీరింగ్ మీద అవే కొట్టుకున్నయ్.