వాన అని చెప్పాను

కంట్లో గ్యాసు బుడగ పెట్టి
వారం రోజులు బోర్లానే పడుకోమన్నారు.
సోఫా మీద ఫణిభూషణ్
తివాచీతో మాట్లాడుతుంటాడు.
అతని మెడ వెనక
ఇన్నేళ్ళలో నేను చూడని పుట్టుమచ్చ.

సండర్లాండ్‌లో నాలుగింటికే చీకటి.
"ఏదో ఒకటి పెట్టు, వింటాను" అన్నాడు.
జపాను సీరియల్ పెట్టాను,
వాళ్ళు మాట్లాడేది తక్కువ,
నాకు పని తేలికనుకున్నాను.

కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాల్ని పట్టి
తెలుగు చేసి, అతని వీపు మీద
కాపడంలా ఒత్తుతాను.
"మికికో ఉల్లికాడలు తరుగుతోంది.
మొగుడొచ్చాడు. నీళ్ళు కాగాయా అన్నాడు."
"ఇంకా?"
"ఇంకేం లేదు. తింటున్నారు."
"పావుగంట నించీ తింటున్నారే!"
"పెళ్ళయి పన్నెండేళ్ళట."
నవ్వాడు. నవ్వు తివాచీలోకి ఇంకిపోయింది.

నాలుగో భాగంలో
ఆమె వేరే అతని గొడుగు ఇంటికి తెచ్చుకుంది.
మొగుడు చూశాడు.
తన గొడుగు కాస్త జరిపి
దానికి చోటిచ్చాడు.
ఇది నేను చెప్పలేదు.
మాటల్లేని చోట చెప్పక్కర్లేదు గదా.

మంగళవారాలు నాకు లైబ్రరీలో డ్యూటీ లేదు.
ఈ ఇంట్లో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.
రోకర్ లైట్‌హౌస్ దగ్గర ఆగిన కారు,
అద్దాల మీద రెండు ఊపిర్లు,
"నీకేమనిపిస్తోంది?" అని
ఒక మనిషి నన్నడిగే పద్ధతి.
అంతే.
అంతే అని ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు.

ఆరో భాగం. వంటింట్లో దీపం ఒక్కటే.
మికికో చేతులు తుడుచుకుని
మొగుడి వీపుకేసి చూస్తూ
ఒక వాక్యం అంది.
చిన్నదే. తెల్ల అక్షరాలు.
అది నా గొంతులోంచి రావాలి.
నా ఎదురుగానూ వీపే.
"ఏమంది?"
"వాన పడుతోంది, అంది."

చాలాసేపు ఏమీ అనలేదు.
తెర మీది మొగుడూ ఏమీ అనలేదు.
తరవాత, నేలకేసే,
"పద్దెనిమిదేళ్ళు కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించాను.
మొదట్లో పని నేర్పినవాళ్ళంతా జపాను వాళ్ళే.
నాకొచ్చింది నాలుగు ముక్కలు.
వానని 'అమె' అంటారు.
మనం ఆమె అన్నట్టుంటుందని గుర్తు పెట్టుకున్నా.
ఆ మాట ఇప్పుడు వినపళ్ళేదు."

"ఆపెయ్యనా?"
"వద్దు. వెనక్కి తిప్పు.
ఈసారి ఆమె ఏమందో చెప్పు."

వెనక్కి తిప్పాను.
మికికో మళ్ళీ చేతులు తుడుచుకుంటోంది.
అతను తలెత్తడానికి
ఇంకా నాలుగు రోజులుంది.